‘సాహిబ్’ ఎవరో తెలుసుకోవడానికి పురానీ హవేలీ దాకా

మహబూబ్‌నగర్‌లో మా జొన్నరొట్టెల హోటల్ మొదలై 8 ఏళ్లయింది. జడ్చర్లలో రెండోది తెరిచి 3 ఏళ్లు దాటింది. రియాద్‌లో హోటళ్లు నడిపే ఒక సౌదీ వ్యాపారి, తన దగ్గర పనిచేసే మన జిల్లా పిల్లల నోట మా పేరు విని, అదే పేరుతో అక్కడ ఒక శాఖ పెట్టుకుంటానని, ఫ్రాంచైజీ ఇమ్మని అడిగాడు. వానాకాలం చివరలో ఒప్పందం ముసాయిదా వాట్సాప్‌లో వచ్చింది. మొత్తం 23 పేజీలు, ప్రతి పేజీలో ఎడమ సగం ఇంగ్లీషు, కుడి సగం అరబ్బీ. రెండింటి మధ్య తేడా వస్తే అరబ్బీ పాఠమే చెల్లుతుందని ఆఖరి పేజీలో ఒక వాక్యం ఉంది. అది చదివాక ఎడమ సగం మీద నాకున్న నమ్మకం సగానికి పడిపోయింది.

పాలమూరులో ఉర్దూ చదవగలిగినవాళ్లకు కొదవ లేదు. లిపి ఇంచుమించు ఒకటే కదా అని, తెలిసిన ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారికి ఆ కాగితాలు చూపించాను. ఆయన 17వ షరతు దగ్గర ఆగి, 30 రోజుల నోటీసుతో ఒప్పందం ముగించే హక్కు ‘సాహిబ్ అల్ ఇమ్తియాజ్’కు ఉందని, సాహిబ్ అంటే యజమాని కాబట్టి ఆ హక్కు మీదేనని చెప్పారు. ఇంగ్లీషులో అక్కడ ‘పార్టీ’ అని మాత్రమే ఉంది, ఏ పార్టీయో లేదు. నేను సంతోషించి సరేనని మెసేజ్ పెట్టబోతుండగా, మా హోటల్ లైసెన్సు వ్యవహారాలు చూసే జిల్లా కోర్టు న్యాయవాది ఆపారు. ‘‘మాస్టారు చదివింది అక్షరాలండీ. చట్టం భాషలో ఆ మాటకు ఏమి అర్థమో అరబ్బీ వచ్చిన వకీలే చెప్పాలి,’’ అన్నారు. అలాంటి వకీలు ఎక్కడ దొరుకుతారో ఆయనకూ తెలియదు. న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ 36వ నిబంధన ఉంది కనుక, ఇటువంటి మనిషిని బోర్డులు చూసి పట్టుకోలేము, నోటి మాట మీద వెదుక్కుంటూ పోవలసిందే.

అందుకని అక్టోబరులో ఒక ఉదయం మా బామ్మర్దిని వెంటబెట్టుకొని కాచిగూడ వెళ్లే ప్యాసింజర్ ఎక్కాను. అతని ఒళ్లో ఉన్న సంచిలో ఒప్పందం, ట్రేడ్‌మార్క్ సర్టిఫికెట్, రెండు హోటళ్ల లెక్కలు ఉన్నాయి. బాలానగర్‌లో సీతాఫలాల బుట్టలు ఎక్కాయి. దేశమంతా తోటల్లో పెంచే ‘బాలానగర్’ రకానికి ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. బుట్టల యజమానురాలు ఒక పండును బొటనవేలితో నొక్కి చూసి, ‘‘ఇది ఈ పూటకే, అది రేపటికి,’’ అంటూ మా చేతుల్లో చెరొకటి పెట్టింది. షాద్‌నగర్ దాటేసరికి బామ్మర్ది వేళ్లకు అంటిన గుజ్జు సంచి మీదికి, సంచిలోంచి ఒప్పందం మొదటి పేజీ మీదికి వచ్చింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

ఫలక్‌నుమాలో దిగి ఆటోలో బార్కస్ వెళ్లాము. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల బారకులు ఉన్న చోటు కాబట్టి ‘బారక్స్’ కాస్తా బార్కస్ అయింది. వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, లుంగీలు కట్టుకొని మండీ హోటళ్ల ముందు కూర్చొని కనిపిస్తారు. ఒక దుకాణం అరుగు మీద ఫోనులో అరబ్బీ మాట్లాడుతున్న పెద్దాయనను చూసి, ఆయన ముగించేదాకా నిలబడి, ‘‘చాచా, అరబ్బీ వచ్చిన వకీల్ కావాలి,’’ అన్నాను. ఆయన నవ్వి, ‘‘వకీల్ కావాలా, ముహామీ కావాలా?’’ అని అడిగారు. అరబ్బీలో కోర్టులో వాదించేవాడు ముహామీ అట, వకీల్ అంటే మన తరఫున పని నడిపే ఏజెంటు అట. వకీలు, వకాల్తా, షరతు, ఖరారు, జప్తు అంటూ మన కోర్టు భాష సగం అరబ్బీ నుంచే వచ్చింది గానీ, దారిలో చాలా మాటలు అర్థం మార్చుకున్నాయని నాకు అక్కడే మొదటిసారి తట్టింది. మనం కొట్టివేయడానికి వాడే ‘రద్దు’ కూడా అక్కడ ముఖ్యంగా తిరిగి ఇవ్వడం, బదులు చెప్పడమేనని ఆయనే చెప్పారు. చాయ్ తాగించి, పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు వెనుక సందులో ఉండే ఒక న్యాయవాది గుర్తులు చెప్పి పంపారు.

ఆ న్యాయవాది జెడ్డాలో ఒక కంపెనీ న్యాయ విభాగంలో 9 ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. మేము చెప్పేది వినకముందే కాగితాలు తీసుకొని, కుడి సగం మాత్రమే చదువుతూ, పెన్సిలుతో చిన్న చిన్న గీతలు పెట్టుకుంటూ పోయారు. ఇంగ్లీషు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. 17వ షరతు దగ్గర పెన్సిలు ఆపి, ‘‘ఈ సాహిబ్ మీరు కాదు,’’ అన్నారు. సౌదీ చట్టంలో ఫ్రాంచైజీ ఇచ్చేవాడు ‘మానిహ్ అల్ ఇమ్తియాజ్’, పుచ్చుకొనేవాడే ‘సాహిబ్ అల్ ఇమ్తియాజ్’. ఇమ్తియాజ్ అనే పేరు గలవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఆ మాటే అక్కడ ఫ్రాంచైజీ. అంటే 30 రోజుల్లో మమ్మల్ని వదిలించుకొనే హక్కు రియాద్ ఆయనకు ఉంది, మాకు ఏ షరతులోనూ అటువంటిది లేదు. మాస్టారు మాట విని సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో తలచుకొని బామ్మర్ది నా వైపు చూశాడు, నేను కిటికీ వైపు చూశాను.

తరువాతి గంట ఆయన చెప్పినవన్నీ మాకు కొత్తవే. మన దేశంలో ఫ్రాంచైజీకని ప్రత్యేక చట్టం లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం వంటివాటితోనే నడుస్తుంది. సౌదీలో మాత్రం 2019లో ప్రత్యేక చట్టం చేసి 2020 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్నారు. దాని ప్రకారం ఆ వ్యాపారం కనీసం ఏడాదిపాటు రెండు చోట్లనో, ఇద్దరి చేతనో నడిచి ఉంటేనే ఫ్రాంచైజీ ఇవ్వాలి. జడ్చర్ల శాఖ పెట్టిన రోజు అప్పు చేశావని ఇంట్లో తిట్లు తిన్నాను, ఇప్పుడు అదే అక్కరకొచ్చింది. సంతకానికి, డబ్బు పుచ్చుకోవడానికి కనీసం 14 రోజుల ముందు మా వ్యాపారం వివరాలన్నీ వెల్లడించే పత్రం వాళ్లకు ఇవ్వాలి. ఒప్పందం అరబ్బీలో ఉండాలి, లేదా దానికి అధీకృత అరబ్బీ అనువాదం ఉండాలి. సంతకమైన 90 రోజుల్లో అక్కడి వాణిజ్య మంత్రిత్వ శాఖలో నమోదు కావాలి. గడువు ‘5 ఏళ్లు’ అని ఉన్నచోట కూడా ఆయన గీత పెట్టారు. అరబ్బీలో అవి చంద్రుడి లెక్కతో నడిచే హిజ్రీ సంవత్సరాలట, మన లెక్కతో చూస్తే దాదాపు 54 రోజులు తక్కువ.

ఆ తరువాత ఆయన చెప్పిన మాట వల్లనే ఆయన మీద నాకు గురి కుదిరింది. తాను అరబ్బీ చదివి అర్థం చెప్పగలనని, సౌదీ కోర్టులో గానీ కార్యాలయంలో గానీ నిలబడే అధికారం తనకు లేదని, అక్కడ లైసెన్సు ఉన్న ముహామీని పెట్టుకుంటే ఆయనతో అరబ్బీలో తాను మాట్లాడి పెడతానని చెప్పారు. దానికి పవర్ ఆఫ్ అటార్నీ రాసి, నోటరీ చేయించి, రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ తరువాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర, అంటే ఆ పద్ధతిలో చేరిన ఇతర దేశాల్లో పత్రం చెల్లేలా వేసే ముద్ర, వేయించాలి. మన దేశంలో ఆ పద్ధతి 2005 నుంచి ఉన్నా, సౌదీ 2022 డిసెంబరులోనే అందులో చేరిందట. అంతకుముందైతే ఎంబసీ చుట్టూ కూడా తిరగవలసి వచ్చేదని అన్నారు. ఫీజు 15 వేలు చెప్పారు, బేరమాడడానికి నాకు నోరు రాలేదు.

ఆ రాత్రే 17వ షరతు ఇరు పక్షాలకూ వర్తించాలని, సంవత్సరాలు ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారం ఉండాలని రియాద్‌కు రాశాను. రెండింటికీ ఒప్పుకొన్నారు. వెల్లడి పత్రం తయారు చేయడానికి మాకు మూడు వారాలు పట్టింది. అది వాళ్లకు అందిన రోజు నుంచి 14 రోజులు లెక్కపెడుతున్నాము, ఇవాళ తొమ్మిదో రోజు.