లక్క రికార్డుల్లో రావు బాలసరస్వతీదేవి గొంతు

రావు బాలసరస్వతీదేవి పేరు చెబితే నేటి శ్రోతల్లో చాలామంది "ఎవరావిడ?" అని అడగడం నన్ను నిజంగా బాధిస్తుంది. 1943లో వచ్చిన 'భాగ్యలక్ష్మి'లో ఆమె పాడిన పాటనే తెలుగులో తొలి నేపథ్య గానంగా చాలామంది చెబుతారు. అయితే ఆమె అసలు సొగసు సాలూరి రాజేశ్వరరావుతో కలిసి పాడిన 'కోపమేల రాధా' వంటి లలితగీతాల్లో ఉంది. గొంతు పెంచకుండా, ఎదుటి మనిషితో మాట్లాడినంత మెల్లగా పాడుతూ, చరణం చివర స్వరాన్ని జార్చి వదిలే ఆ తీరును ఒక్కసారి ఇయర్‌ఫోన్లతో వినండి.

ఆ తరం పాటలు నిమిషానికి సుమారు 78 చుట్లు తిరిగే లక్క రికార్డుల మీద, ఒక్కో వైపు మూడు నిమిషాల చొప్పున వచ్చేవి. వాటిని డిజిటల్‌లోకి మార్చేటప్పుడు ఎల్పీలకు (తర్వాత వచ్చిన లాంగ్ ప్లే రికార్డులకు) వాడే సన్నని ముల్లు పెడితే, అది వెడల్పాటి గాడి అడుగుకు దిగి చప్పుడునే ఎక్కువగా పట్టుకుంటుంది గనుక వీటికి లావు ముల్లే కావాలి. గరగర పూర్తిగా పోవాలని సాఫ్ట్‌వేర్‌తో తోమేస్తే ఆమె ఊపిరి, సకారాల పదును కూడా దానితోపాటే కొట్టుకుపోతాయి. నా మటుకు గరగర ఉన్న ప్రతే మేలు. శుభ్రం చేసిన ప్రతి ఎంత బాగున్నా, ఏ మార్పూ చేయని తొలి ప్రతిని విడిగా దాచి, లేబుల్ మీది సంఖ్యను, రెండు వైపుల ఫొటోలను దానికి జతచేయండి. రికార్డును మాత్రం స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరుగుతుంది.