మామిడితోపులో మొరాయించిన రంపం మిషను

షాపుల్లో చైన్ సా అంటారు, మా ఊళ్ళో రంపం మిషనే. మాది సింగరాయకొండ దగ్గర పల్లె. ఒకవైపు సరుగుడు తోటలు, ఇంకోవైపు జామాయిల్, మధ్యలో మా మామిడితోపు, ఎటు చూసినా ఇసక. నా దగ్గరున్నది 58 సీసీ మిషను, 22 అంగుళాల బార్ (చైను చుట్టూ తిరిగే పట్టీ). మూడేళ్ళ కిందట ఒంగోలులో కొన్నాను. ఇప్పుడు దాన్ని కళ్ళు మూసుకుని విప్పి బిగించగలను గానీ, ఈ కాస్త విద్య రావడానికి చాలా తిట్లు తిట్టుకున్నాను, మిషన్నీ నన్నూ కలిపి.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా తోపులో పెద్ద కొమ్మలు విరిగిపడ్డాయి, రెండు చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. వారం రోజులు పొద్దస్తమానం కోశాను, ఒక్కసారి కూడా మొండికెయ్యలేదు. ఆ పనైపోయాక టాంకులో ఉన్న పెట్రోల్ ఉన్నట్టే మిషన్ని పశువుల కొట్టంలో అటక మీద పడేశాను. ఆయిల్ కలిపిపెట్టిన పెట్రోల్ ఇంకో లీటరు నీళ్ళ బాటిల్లో మిగిలితే దాన్నీ పక్కనే పెట్టాను.

మళ్ళీ దించింది ఎండాకాలంలో. తాడు లాగీ లాగీ భుజం పడిపోయింది గానీ ఉలుకూ పలుకూ లేదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మూత కూడా విప్పకుండానే కార్బొరేటర్ పోయింది, కాయిల్ కూడా పోయింది, 2500 అవుతుందన్నాడు. విప్పకుండా రెండు రోగాలు చెప్పాడే అని అనుమానమొచ్చి ఇంటికి తెచ్చేసుకున్నా.

వేపచెట్టు కింద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాను. ప్లగ్గు విప్పితే పొడిగా ఉంది. చోక్ పెట్టి ఇరవైసార్లు లాగిన మిషన్లో ప్లగ్గు తడిసి ఉండాలి. పొడిగా ఉందంటే పెట్రోల్ లోపలికి వెళ్ళట్లేదన్నమాట. పెట్రోల్ డబ్బా దూరంగా జరిపి, ప్లగ్గుకి క్యాప్ తగిలించి, దాని మర సిలిండర్‌కి ఆనించి తాడు లాగితే చిటుక్కుమని నిప్పురవ్వ కనిపించింది. అంటే కాయిల్ బాగానే ఉంది! తర్వాత ప్లగ్గు బొక్కలో నాలుగు చుక్కలు మిక్స్ చేసిన పెట్రోల్ వేసి, బిగించి లాగితే బుర్రుమని రెండు సెకన్లు తిరిగి ఆగిపోయింది. ఆ రెండు సెకన్ల చప్పుడుకి నాకు ప్రాణం లేచొచ్చింది. నిప్పురవ్వ ఉంది, ఇంజన్లో కంప్రెషన్ ఉంది, ఇక మిగిలింది టాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న దారే.

అటక మీది బాటిల్ దించి వెలుతురుకి పెట్టి చూస్తే సంగతి తెలిసింది. అడుగున ఒక పొర వేరుగా నిలబడి ఉంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. మాది సముద్రం పక్క ఊరు, తేమకి కొదవేముంది! పీల్చుకున్న నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్ ఆ నీళ్ళతో కలిసి అడుక్కి దిగిపోతుంది. మిషన్ టాంకులో పెట్రోల్ పీల్చే ఫిల్టర్ ఉండేదీ అడుగునే కాబట్టి, ఇంజన్ ముందుగా తాగేది ఆ నీళ్ళనే.

టాంకు వంచేసి, కొక్కెంలా వంచిన తీగతో ఫిల్టర్ బయటికి లాగాను. నల్లగా బంకబంకగా ఉంది. పైపు గట్టిపడి, వంచితే పగులుతోంది. కార్బొరేటర్ లోపల పల్చటి పొర ఒకటుంటుంది, డయాఫ్రం అంటారు, అది మెత్తగా అటూ ఇటూ ఊగితేనే పెట్రోల్ వస్తుంది. నాది వేయించిన అప్పడంలా తయారైంది. చిన్న జల్లెడ కూడా జిగురుతో మూసుకుపోయింది. రిపేర్ కిట్టు, పైపు, ఫిల్టర్ అన్నీ కలిపి 300 లోపే అయ్యాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. గాస్కెట్టూ (సందు మూసే పల్చటి అట్ట) డయాఫ్రమూ ఏది ముందో ఏది వెనకో చూసుకోకుండా విప్పేశాను. బిగించాక మళ్ళీ స్టార్ట్ కాలేదు. తర్వాత అర్థమైంది, కార్బొరేటర్‌లో పెట్రోల్ లాగే పంపు వైపు ముందు డయాఫ్రం, దానిమీద గాస్కెట్ రావాలి. రెండోవైపు దానికి తిరగేసి, ముందు గాస్కెట్, పైన డయాఫ్రం. చాలా కార్బొరేటర్లు ఇలాగే ఉంటాయి గానీ, మీరు మాత్రం విప్పేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. నాకు ఒక మధ్యాహ్నమంతా పోయింది.

కార్బొరేటర్ పక్కన పెట్రోల్ ఎంత వెళ్ళాలో సరిచేసే రెండు స్క్రూలుంటాయి, తక్కువ స్పీడుకి ఎల్, ఎక్కువ స్పీడుకి హెచ్. రెండూ మెల్లగా చివరికంటా బిగించి ఒక్కో చుట్టు వదిలితే స్టార్ట్ అవడానికి సరిపోతుంది. ఎల్ సరిచేసుకుంటే పికప్ వస్తుంది. తర్వాత ఐడిల్ స్క్రూ తగ్గించుకుంటూ రావాలి, ఇంజన్ తిరుగుతున్నా చైను కదలకుండా నిలబడాలి. హెచ్ దగ్గరే జాగ్రత్త. చాలామంది ఇంజన్ కీచుమని సాఫీగా అరిస్తే బ్రహ్మాండంగా ఉందనుకుంటారు. పెట్రోల్ తక్కువ వెళ్తున్నప్పుడే అలా అరుస్తుంది. ఆయిల్ వచ్చేదీ ఆ పెట్రోల్లోనే కాబట్టి పిస్టన్‌కి గీతలు పడి పట్టేస్తుంది. ఖాళీగా ఫుల్ రేజ్ ఇచ్చినప్పుడు గొంతు కాస్త బొంగురుగా ఉండి, కట్టెలో దిగగానే శుభ్రంగా మారితే సరిగ్గా ఉన్నట్టు.

ఆయిల్ కలపడం మా తరానికి కొత్తేం కాదు. నాన్న పాత టీవీఎస్ ఎక్సెల్ బండికి బంకులో 2టీ ఆయిల్ కలిపించే పోయించేవాడు. మిషన్ పుస్తకంలో 25కి 1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 40కి 1 అంటే 25, 50కి 1 అంటే 20. అంతే లెక్క. మూతతో అందాజాగా పొయ్యొద్దు, మందుల షాపులో సిరంజి కొనుక్కోండి.

ఇంజన్ నడిచింది కదా అని తోపులోకి వెళ్తే, ఈసారి కోత వంకరగా పోతోంది! పైగా రంపప్పొట్టు పిండిలా రాలుతోంది. పదునున్న చైను పొట్టుని పలుకులుగా, చిన్న చిన్న పెచ్చులుగా విసురుతుంది. పిండి వచ్చిందంటే పళ్ళు మొద్దుబారాయని, ఇంకా కొయ్యడం మానేసి కూర్చోమని. మా ఇసకనేలల్లో కిందపడ్డ మానుల బెరడు నిండా ఇసకే. ఒక్కసారి చైను నేలకి తగిలినా చాలు, పదునంతా పోతుంది. ఇప్పుడు మాను కింద రెండు దుంగలు పెట్టి లేపి, బెరడు మీద చీపురు కొట్టి గానీ మొదలుపెట్టను. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి.

నా చైనుకి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. మీ చైను సైజు వేరైతే ఆకురాయి సైజూ మారుతుంది. ముందు ప్లగ్గు క్యాప్ పీకెయ్యాలి. 30 డిగ్రీల వాలులో, లోపల్నించి బయటికి మాత్రమే తొయ్యాలి, వెనక్కి లాగేటప్పుడు ఆనించకూడదు. ప్రతి పన్నుకీ లెక్కగా అన్నే తోపులు. నా కోత వంకర పోవడానికి కారణం కూడా ఇదే. నాది కుడిచేతి వాటం, ఒకవైపు పళ్ళు బలంగా రుద్ది పొట్టి చేశాను, రెండోవైపు పొడుగ్గా మిగిలాయి. అన్నిటికంటే పొట్టి పన్ను ఏదో చూసి మిగతావాటిని దాని కొలతకి తేవడానికి రెండు గంటలు పట్టింది. పన్ను ముందు చిన్న మెట్టు ఒకటుంటుంది. అది పన్ను మొన కంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. అంతకంటే ఎక్కువ అరగదీస్తే మిషను కట్టెని గబుక్కున పట్టుకుని చేతుల్ని గుంజుతుంది. నాలుగైదుసార్లు పదును పెట్టాక ఒకసారి చూసుకుంటే చాలు.

చైనుకి పోసే ఆయిల్ దగ్గర మా బాబాయికీ నాకూ ఇప్పటికీ పడదు. "ఏందబ్బాయ్, ట్రాక్టర్ ఆయిల్ మార్చినప్పుడల్లా డబ్బాడు మిగులుద్ది గదా, అది పొయ్యక డబ్బులు పెట్టి కొత్తది కొంటావా?" అంటాడు. వాడేసిన ఆయిల్లో ఇనుప రజను ఉంటుంది బాబాయ్ అంటే వినడు. ఆయన మిషన్ బార్ విప్పి చూపించాను, ఆయిల్ వచ్చే బొక్క నల్లటి మడ్డితో బిగుసుకుపోయింది, గాడి అంచులు నీలంగా కాలిపోయాయి. కొత్త బార్ ఖర్చుతో ఎన్ని లీటర్లు వచ్చేదో లెక్కేసి చెప్తే, "సర్లే పో" అన్నాడు. ఆయిల్ వస్తోందో లేదో చూడటం తేలికే, బార్ కొసని అట్టముక్కకి జానెడు ఎడంగా పెట్టి రేజ్ ఇస్తే సన్నటి ఆయిల్ గీత పడాలి. చైను విప్పినప్పుడల్లా నేను బార్‌ని తిరగేసి బిగిస్తాను, రెండంచులూ సమంగా అరుగుతాయి.

ఇంకొకటి, లుంగీతో ఈ మిషన్ పట్టుకోకండి. మా దగ్గర సగంమంది అలాగే కోస్తారు, చూస్తేనే నాకు టెన్షన్. బార్ కొస పైభాగం దేనికైనా తగిలితే మిషన్ మొహం మీదికి లేస్తుంది, చైన్ బ్రేక్ పనిచేస్తోందో లేదో రోజూ పొద్దున్నే చూసుకోండి.

ఇప్పుడు పనైపోయిన సాయంత్రం టాంకు వంచేసి, తనంతట తానే ఆగేదాకా ఇంజన్ తిప్పి, అప్పుడే అటకెక్కిస్తున్నాను. మిగిలిన మిక్స్ పెట్రోల్ ఆ వారంలోనే పురుగుమందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లో పోసేస్తా, దానికీ ఇదే పాళ్ళు. మొన్న బాబాయ్ మిషన్ అడిగితే ఇచ్చాను. తిరిగొచ్చాక చైను ఆయిల్ మూత తీసి వాసన చూశా. ట్రాక్టర్ ఆయిలే.