పెరోల్ మీద వచ్చిన అన్నయ్యకి నేనే ష్యూరిటీ

2024 డిసెంబరులో అమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ పడింది. రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్న అన్నయ్యకి పదిహేను రోజుల పెరోల్ ఇచ్చారు. హత్య కేసులో యావజ్జీవం. అప్పటికి లోపల తొమ్మిదేళ్లు దాటింది. ఇవ్వడానికి ముందు పోలీసులు మా వీధిలో నలుగురినీ అడిగి రిపోర్టు రాసుకెళ్లారు. ఇరవై వేల బాండు మీద ష్యూరిటీగా సంతకం పెట్టింది నేను. గొడవల జోలికి పోకూడదు, ఊరు దాటకూడదు, గడువు నాటికి జైలు గేటు దగ్గరుండాలి. షరతులన్నీ చదివే పెట్టాను.

తొమ్మిదో రోజు పొద్దున్న పొలం బోదె గట్టు దగ్గర అన్నయ్యకీ మా పెదనాన్న కొడుక్కీ మాటా మాటా పెరిగింది. గట్టు చెక్కి కలుపుకుంటున్నాడని పాత తగువే. కొబ్బరి దింపులకి వచ్చినవాళ్ల కత్తి చెట్టు మొదట్లో ఉంది. నేను పరిగెత్తేలోపే అన్నయ్య దాన్ని అందుకున్నాడు. పెదనాన్న కొడుకు కుడి చెయ్యి ఎముక తెగింది. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

అన్నయ్య గోదావరి లంకల్లోకి పారిపోతానన్నాడు. వద్దని బండెక్కించుకుని నేనే స్టేషన్‌కి తీసుకెళ్లాను. దారంతా ఒకటే మాట: "యావజ్జీవం పడ్డోణ్ణి, ఇంకేం చేస్తార్రా?" ఊళ్లోనూ అదే అన్నారు. అమలాపురంలో ప్లీడరుగారి దగ్గర కూర్చునేదాకా నాకూ అంతే అనిపించింది.

ఆయన ఎఫ్ఐఆర్ చదివి కళ్లజోడు తీశారు. "2024 జూలై 1 నుంచి ఐపీసీ లేదు బాబూ, భారతీయ న్యాయ సంహిత. ఇందులో సెక్షన్ 109 హత్యాయత్నం. మామూలు వాడైతే 109(1). మీ అన్న యావజ్జీవ ఖైదీ కాబట్టి 109(2). గాయం కూడా అయింది గనక ఉరిశిక్షయినా వేయొచ్చు, చచ్చేదాకా బయటికి రాని యావజ్జీవమైనా వేయొచ్చు" అన్నారు. అలా వేస్తారని కాదుటండీ, వేయడానికి దారుంది అని. నాకు మాత్రం ఆ బల్ల ముందు చెమటలు పట్టేశాయి. హత్యాయత్నం నిలవకపోయినా, ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్రగాయం చేసినందుకు 118(2) ఉంది. ఏడాదికి తగ్గకుండా పదేళ్ల వరకూ, లేదంటే యావజ్జీవం.

"పాత శిక్షా కొత్త శిక్షా కలిసే నడుస్తాయంటగా?" అని అడిగాను. ఊళ్లో ఎవరో చెప్పారు. నిజమేనట. మొదటిది యావజ్జీవమైతే రెండోది దాంతోపాటే నడుస్తుంది. అదే ఏడేళ్ల శిక్షో, పదేళ్ల శిక్షో పడ్డవాడైతే, కోర్టు ప్రత్యేకంగా కలిపి నడపమంటే తప్ప, మొదటిది అయ్యాకే రెండోది మొదలవుతుంది. "కలిసి నడుస్తుంది గదా అని సంబరపడకు. పోయేది విడుదల" అన్నారు. హత్య కేసు యావజ్జీవ ఖైదీని ప్రభుత్వం ముందే వదలాలన్నా పద్నాలుగేళ్లు నిజంగా లోపల గడపాలి. ఆ లెక్కలోంచి పెరోల్ రోజులు తీసేయాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. గవర్నరు అధికారంతో వదిలే జాబితాలకీ ప్రవర్తనే చూస్తారు. మా అమ్మ ఏటా ఆగస్టు 15కి, జనవరి 26కి పేపరు తెప్పించుకునేది ఆ జాబితా కోసమే. పెరోల్ మీద వచ్చి కత్తి పట్టినవాడి పేరు ఏ అధికారి పైకి పంపిస్తాడు? మళ్లీ పెరోల్ అడిగితే మొదటి అడ్డం ఇదే.

బెయిలు సంగతీ అడిగాను. ఈ కేసులో బెయిలొచ్చినా పాత శిక్ష ఉండనే ఉంది, గేటు తెరుచుకోదు. కొత్త కేసు వాయిదాలకి జైలు నుంచి పీటీ వారెంటు మీద, అంటే ఖైదీని కోర్టుకి పంపమనే ఉత్తర్వు మీద తీసుకొస్తున్నారు.

పెద్దమనుషులు రాజీ అన్నారు. మేం ఆ గట్టు వదులుకుంటామన్నాం, పెదనాన్న వాళ్లూ మెత్తబడ్డారు. ప్లీడరుగారు తల అడ్డంగా ఊపారు. హత్యాయత్నం కేసు కింది కోర్టులో రాజీతో పోయేది కాదు. హైకోర్టుకి వెళ్లొచ్చు గానీ ఇలాంటి కేసు కొట్టేస్తారన్న ఆశ పెట్టుకోవద్దన్నారు.

ష్యూరిటీ నోటీసు ఫిబ్రవరిలో వచ్చింది, బాండు సొమ్ము ఎందుకు జప్తు చేయకూడదో చెప్పమని. అన్నయ్యని నేనే అప్పగించానని రాసిచ్చాను. అది పెద్ద విషయం కాదు, చివరికి కట్టాను.

పెద్ద విషయం సాక్ష్యం. నేను కళ్లారా చూశాను. తోడబుట్టినవాణ్ణి కాబట్టి చెప్పనంటే కుదరదు. పదేళ్లో అంతకు మించో శిక్ష పడే కేసు కాబట్టి నన్ను మేజిస్ట్రేటుగారి ముందు నిలబెట్టి వాంగ్మూలం రాయించారు. కత్తి ఎవరు తీశారు అంటే అన్నయ్య అన్నాను. ఎవరు ముందు తిట్టారు అంటే ఇద్దరూ అన్నాను. బయటికొచ్చాక చాయ్ దుకాణం దగ్గర కూర్చుని ఎంతసేపటికీ లేవలేకపోయాను.

ములాఖత్‌లో అన్నయ్య దాని గురించి ఒక్క మాటా అనలేదు. "అమ్మ నడుస్తుందా?" అన్నాడు. వాకర్ పట్టుకుని వాకిలిదాకా వస్తోందన్నాను.

విచారణ ఇంకా నడుస్తోంది. వాయిదా రోజున నేనూ పెదనాన్న కొడుకూ ఒకే బస్సులో అమలాపురం వెళ్తున్నాం. వాడి కుడి చెయ్యి పైకి లేవదు. టికెట్ డబ్బులు ఎడం చేత్తో తీయబోతే నేనే ఇచ్చేశాను. వద్దనలేదు.