మా సిమ్ లీగ్‌లో బెస్ట్ జీఎం ఎంపిక: నా అనుభవం

నిన్న రాత్రే ఫలితం ప్రకటించాం. మూడు వారాల తర్వాత మొదటిసారి ఫోన్ సైలెంట్‌లో పెట్టి నిద్రపోయాను. జరిగింది మర్చిపోకముందే రాసేస్తున్నాను, ఎందుకంటే రేపు ఇంకో లీగ్‌లో ఎవరైనా ఈ పని నెత్తిన వేసుకుంటే నేను పడ్డచోట వాళ్లు పడకూడదు.

మాది ముప్పై మంది ఆడే ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ లీగ్. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్. ట్రేడ్‌లు (ఆటగాళ్ల మార్పిడి), డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకోవడం), కాంట్రాక్టులు మనం చూసుకుంటాం, మ్యాచ్‌లు కంప్యూటర్ ఆడిస్తుంది. ఎనిమిది సీజన్లు పూర్తయ్యాయి కదా, ఇన్నాళ్లలో బెస్ట్ జనరల్ మేనేజర్ ఎవరో తేలుద్దాం అనుకున్నాం. కమిషనర్ ఆ బాధ్యత నాకూ ఇంకో ఇద్దరికీ అప్పగించాడు. దేన్నిబట్టి ఎంచాలి అని అడిగితే "మీరే చూసుకోండి" అని తప్పుకున్నాడు. సగం తలనొప్పి ఆ ఒక్క మాట వల్లే వచ్చింది. అవార్డు పెట్టేవాడు కొలమానం ఏమిటో ముందే చెప్పాలి, అది కమిషనర్ పని, కమిటీ పని కాదు.

నామినేషన్లు రెండు రోజుల్లో అయిపోయాయి, పదకొండు పేర్లు. సేవ్ ఫైల్లోంచి ఎనిమిది సీజన్ల లెక్కలు దించడం ఒక సాయంత్రం పని.

టైటిళ్లు ఎవరికి ఎక్కువుంటే వాళ్లకే ఇచ్చేద్దాం అని కమిటీలో ఒకాయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అసలు ఎన్‌బీఏలో టీమ్ నడిపేవాళ్లకిచ్చే ఎగ్జిక్యూటివ్ ఆఫ్ ది ఇయర్ అవార్డు 1972-73 సీజన్ నుంచి ఉంది. దాన్ని అందరికంటే ఎక్కువసార్లు, నాలుగుసార్లు, గెలిచింది ఫీనిక్స్ సన్స్‌ని నడిపిన జెర్రీ కొలాంజెలో. ఆ ఫీనిక్స్ ఇప్పటిదాకా ఒక్క టైటిల్ గెలవలేదు. అలాగని టైటిల్ లెక్కలోకి రాదని కాదు. 24 విజయాల దగ్గరున్న బోస్టన్‌ని డానీ ఏంజ్ ఒక్క వేసవిలో మార్చేసి, మరుసటి సీజన్ 66 విజయాలతో 2008 టైటిల్ దాకా తీసుకెళ్తే ఆ ఏడాది అవార్డు ఆయనకే వచ్చింది. అక్కడ చూడాల్సింది కప్పు ఒక్కటే కాదు, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి తెచ్చాడన్నది. ఈ మాట మీద ముగ్గురం ఒక్కటయ్యాం.

అయితే ఆ మాటని లెక్కలోకి మార్చింది నేను. అక్కడే దెబ్బతిన్నాను.

నాలుగు రాత్రులు కూర్చుని షీట్ తయారుచేశాను. ఒక కాలమ్‌లో ప్రతి సీజన్‌లో పెరిగిన విజయాలు, ఇంకో దాంట్లో ట్రేడ్‌ల వల్ల రోస్టర్ (టీమ్‌లోని ఆటగాళ్లందరి) విలువ ఎంత పెరిగిందో, మూడో దాంట్లో ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర్లో టైటిల్ కోసం జరిగే పోటీల్లో) ఎన్ని రౌండ్లు దాటారో. మొత్తం కూడితే పోర్ట్‌లాండ్ మొదటి స్థానం. నా టీమ్ నాలుగు. ఆదివారం పొద్దున్నే "ఇందులో ఎవరి ఇష్టాయిష్టాలూ లేవు, అంతా లెక్కే" అని రాసి మరీ గ్రూపులో పెట్టాను.

పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మయామి నడిపే ఆయన మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఒక డౌట్. పోర్ట్‌లాండ్ మూడో సీజన్‌లో ఆ సెంటర్ ఆటగాణ్ణి తెచ్చిన ట్రేడ్ ఎవరు చేశారు?"

ఆలోచించకుండా వెంటనే "పోర్ట్‌లాండ్ జీఎమ్మే కదా తమ్ముడూ, షీట్‌లో ఉంది చూడు" అని కొట్టాను.

అతను స్క్రీన్‌షాట్ పెట్టాడు. ఆ ట్రేడ్ జరిగిన తేదీ, దాని కింద పోర్ట్‌లాండ్ చేతులు మారిన తేదీ. మధ్యలో పదకొండు రోజులు. ట్రేడ్ చేసింది పాత జీఎం. నేను అన్నీ టీమ్ పేరు మీద కూడుకుంటూ పోయాను తప్ప మనిషి పేరు మీద కాదు. పోర్ట్‌లాండ్‌కి వచ్చిన పాయింట్లలో మూడో వంతు ఆ ఒక్క ట్రేడ్‌దే. అంతకంటే ఘోరం ఏమిటంటే, ఆ పాత జీఎం ఎక్కడికీ పోలేదు. అప్పట్లో ఎవరూ తీసుకోని శాక్రమెంటోని నడుపుతానని ముందుకొచ్చి టీమ్ మారాడు. నా షీట్‌లో అతను తొమ్మిదో స్థానంలో ఉన్నాడు. తన పని ఇంకొకరి ఖాతాలో పడిందని పొద్దున్నుంచీ చూస్తూ కూడా ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత ఇక ఆగలేదు. ఆటగాళ్ల విలువకి ఇవాళ్టి రేటింగ్ ఎందుకు వేశావు, ట్రేడ్ జరిగిన రోజు రేటింగ్ ఎందుకు వేయలేదు అని ఒకరు. కమిటీలో ఉండి నీ టీమ్‌కి నువ్వే మార్కులు వేసుకుంటావా అని ఇంకొకరు. ఆ మాట మాత్రం చాలా లోతుగా తగిలింది. నేను ఒక్క పాయింట్ కూడా కావాలని వేసుకోలేదు. కానీ ముప్పై మంది చూస్తుండగా దాన్ని రుజువు చేసే దారి నా దగ్గర లేదు. పెద్ద జవాబు టైప్ చేశాను, చెరిపేశాను, మళ్లీ టైప్ చేశాను. సాయంత్రానికి "తప్పు నాదే, షీట్ వెనక్కి తీసుకుంటున్నాను, నా పేరు కూడా పోటీలోంచి తీసేస్తున్నాను" అని మాత్రం రాశాను. ఎనిమిది సీజన్లలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ తప్పని టీమ్ నాది. అలాంటివి లీగ్‌లో రెండే ఉన్నాయి. దాన్ని పోటీ నుంచి తీసేయడం తేలిక కాదు, అయినా తీసేశాను. కమిటీలో కూర్చునేవాళ్లు ఈ పని మొదటి రోజే చేయాలి, నాలాగా అవమానం అయ్యాక కాదు.

రెండోసారి మొదటి నుంచీ మొదలుపెట్టాం. ప్రతి ట్రేడ్, ప్రతి కాంట్రాక్ట్, ప్రతి డ్రాఫ్ట్ పిక్ పక్కన దాన్ని చేసిన మనిషి పేరు, తేదీ. జీఎం టీమ్‌ని తీసుకున్న రోజు ఏముంది, వదిలిన రోజు ఏముంది. ఇలా చూస్తే శాక్రమెంటో కథ పూర్తిగా మారిపోయింది. అతని చేతికి వచ్చినప్పుడు 17 విజయాలు, రాబోయే మూడేళ్ల ఫస్ట్ రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఆటగాణ్ణి ఎంచుకునే హక్కులు) ఒక్కటీ లేవు. అసలు ఎన్‌బీఏలో రాబోయే ఫస్ట్ రౌండ్ పిక్‌లని వరసగా రెండేళ్లవి అమ్మేయకుండా స్టెపియన్ రూల్ అడ్డుకుంటుంది. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ ఓనర్ టెడ్ స్టెపియన్ పిక్‌లు వరసగా ఇచ్చేయడం వల్ల పుట్టిన నియమం అది. మా లీగ్‌లో మొదట్లో ఆ నియమం లేదు, కాబట్టి ముందున్నాయన అంతా ఊడ్చేసి వెళ్లిపోయాడు. మీరు కొత్తగా లీగ్ పెడుతుంటే దయచేసి ఈ నియమం మొదటి రోజే పెట్టండి.

ట్రేడ్‌లని రెండుసార్లు తూచాం. జరిగిన రోజు ఒకసారి, మూడు సీజన్ల తర్వాత ఒకసారి. 2013లో బ్రూక్లిన్ వాళ్లు గార్నెట్, పియర్స్ అనే స్టార్ ఆటగాళ్ల కోసం బోస్టన్‌కి ఇచ్చిన పిక్‌లని ఆ వేసవిలోనే తూచి ఊరుకుంటే, వాటి దారిలోనే తర్వాత బోస్టన్‌కి స్టార్లయిన జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ వచ్చారన్న సంగతి లెక్కలోకే రాదు. కంప్యూటర్ నడిపే టీమ్‌లతో చేసిన ట్రేడ్‌లకి మాత్రం సున్నా వేయించాను. దాని మీద గొడవ జరిగింది, జరగనివ్వండి. ఖాళీగా ఉన్న టీమ్ దగ్గర ముగ్గురు మామూలు ఆటగాళ్లని ఇచ్చి ఒక స్టార్‌ని లాక్కోవడం తెలివి కాదు, ఆ ప్రోగ్రామ్ బలహీనత తెలిసి ఉండడం అంతే. ఎదురుగా ఆలోచించే మనిషి ఉన్నప్పుడు చేసిందే ట్రేడ్.

అదృష్టాన్ని తీసేయడం సిమ్ లీగ్‌లోనే కుదిరే పని, నాకు అన్నిటికంటే నచ్చిన భాగం కూడా అదే. వేసిన పాయింట్లని, ఇచ్చిన పాయింట్లని 14వ ఘాతానికి పెంచి పోల్చితే ఒక టీమ్ ఎన్ని గెలవాల్సిందో దాదాపుగా తెలుస్తుంది. మ్యాచ్‌కి సగటున 110 వేసి 107 ఇచ్చే టీమ్ 82 మ్యాచ్‌లలో 49 దాకా గెలవాలి. ఆరో సీజన్‌లో అచ్చం ఇవే సగటులున్న టీమ్ 56 గెలిచింది, టైటిల్ కూడా కొట్టింది. ఆ సీజన్ మొదటి రోజు సేవ్ ఫైల్ తెరిచి యాభైసార్లు మళ్లీ ఆడించాను. ఆ టీమ్‌కి తొమ్మిదిసార్లే టైటిల్ వచ్చింది. నిజంగా జరిగిన సీజన్‌లో రెండో రౌండ్‌లో ఇంటికి పోయిన శాక్రమెంటోకి పదహారుసార్లు వచ్చింది. ఇది గ్రూపులో పెట్టేముందు కమిటీలో ఇద్దరిచేతా వేర్వేరుగా ఆడించి సరిచూసుకున్నాను.

ఓటింగ్ త్వరగానే అయింది. మొదటి ఎంపికకి 5, రెండోదానికి 3, మూడోదానికి 1. ఎవరి పేరు వాళ్లు రాసుకోకూడదు. ఎవరు ఎవరికి వేశారో ఓట్లు ముగిశాక అందరికీ చూపిస్తామని ముందే చెప్పాం. అలా చెప్పకపోతే ఎప్పుడూ తమలో తామే ట్రేడ్ చేసుకునే జంటలు ఒకరికొకరు అయిదేసి రాసుకుంటారు. మా దగ్గర ఒక జంట అయినా రాసుకుంది, అది అందరికీ కనబడింది.

శాక్రమెంటో గెలిచింది, ఒక్క టైటిల్ కూడా లేకుండా. నాకు స్క్రీన్‌షాట్ పెట్టిన మయామి తమ్ముడు రెండో స్థానం, తేడా నాలుగు పాయింట్లు. అతని మొదటి ఓటు కూడా శాక్రమెంటోకే పడింది.

రాత్రి పదకొండు దాటాక విజేత నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. థాంక్స్ చెప్పాక, ఆ పోర్ట్‌లాండ్ సెంటర్ ట్రేడ్‌లో పిక్ ఒకటి నేను తప్పుగా రాశానట, అది అతనికి వచ్చిన పిక్ కాదు, అతను ఇచ్చిన పిక్. సరిచేస్తే అతనికే కొంచెం తగ్గుతుంది. పొద్దున్నే లేచి సరిచేశాను. స్థానం మారలేదు.