పెసల గిన్నెలు
ఈరోజు మా ఐదో తరగతి పిల్లల నోటుపుస్తకాలు చివరిసారి దిద్దాను. పరిసరాల విజ్ఞానంలో ఏడాదంతా నీరు, గాలి, ఆహారం, జీర్ణవ్యవస్థ అన్నీ చెప్పుకున్నాం. కానీ వాళ్ల మనసుకి పట్టింది పెసల ప్రయోగమే.

తడి దూదిలో పెసలు వేసి ఒక గిన్నె కిటికీ దగ్గర, ఇంకొకటి మూసిన అట్టపెట్టెలో పెట్టాం. రెండో రోజుకే రెండింట్లోనూ మొలకలు! వారం తర్వాత చూస్తే పెట్టెలోవి పొడుగ్గా సాగి, పాలిపోయి ఉన్నాయి. "టీచర్, ఇవి వెలుతురు కోసం వెతుక్కుంటున్నాయా?" అంది, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక పాప. మొలకెత్తడానికి వెలుతురు అక్కర్లేదని, పచ్చబడాలంటే కావాలని నేను ముందే చెప్పేసి ఉంటే ఆ ప్రశ్న వచ్చేదే కాదు.

సిలబస్ టెన్షన్‌లో ఇలాంటివి ఎక్కువ చేయించలేకపోయాను, ఆ బాధ ఉంది.

పెట్టెలోని గిన్నెను ఆ పాపే కిటికీ దగ్గరికి మార్చింది. రెండు రోజులకి ఆకులు పచ్చబడ్డాయి.