అమ్మలున్న పిల్లలు

ఆదివారం, నల్లగొండ

ఎండ ముదరకముందే బత్తాయిలు కొనుక్కొని పిల్లల దగ్గరికి వెళ్దామని బయలుదేరుతుంటే మెల్‌బోర్న్ నుంచి అక్క కూతురు ఫోను చేసింది. డిసెంబరు సెలవుల్లో తనతో చదివేవాళ్లు కొందరు కంబోడియా వెళ్తున్నారట. సియెమ్ రీప్‌లో ఒక అనాథాశ్రమంలో రెండు వారాలుండి, చిన్నపిల్లలకు ఇంగ్లీషు నేర్పి, ఆటలాడించి, గోడలకు రంగులు వేసి, చివర్లో అంగ్‌కోర్ వాట్ చూసుకుని వస్తారట. "నేనూ పేరివ్వనా చిన్నమ్మా? నువ్వు ఆదివారం ఆదివారం చేసే పనే కదా!" అంది. ఆ గొంతులో సంబరం విన్నాక వెంటనే వద్దనడానికి నోరు రాలేదు. రాత్రికి మాట్లాడుకుందామన్నాను. రోజంతా మనసు ఆ మాట చుట్టూనే తిరిగింది.

ఆడపిల్లల వసతి గృహంలో నేను చెప్పేది లెక్కలు. ఈరోజు ఆరో తరగతి పిల్ల భిన్నాల దగ్గర ఆగిపోయింది. బత్తాయి ఒలిచి తొనలు పలక మీద వరుసగా పేర్పించాను. పది వచ్చాయి. రెండు పక్కన పెడితే ఎన్నో వంతు, సగం తీసేస్తే మిగిలేదెంత అని అడుగుతుంటే చకచకా చెప్పేసింది. పాఠం అయ్యాక ఎనిమిది తొనలు స్నేహితురాళ్లకు పంచి, రెండు తొనలను నోటుపుస్తకం కాగితంలో చుట్టి లంగా జేబులో దాచుకుంది. వాళ్ల తమ్ముడు ఇదే ఊళ్లో మగపిల్లల వసతి గృహంలో ఉంటాడు. ఈ సాయంత్రం కలిపిస్తామని వార్డెన్ మాటిచ్చారు. తొనలు వాడికట.

మధ్యాహ్నం ఒక కుటుంబం కారులో వచ్చింది. వాళ్ల బాబు పుట్టినరోజు. కేకు, బిర్యానీ పొట్లాలు, తలా ఒక పెన్సిలు డబ్బా. మంచి మనుషులే, ప్రేమగానే వచ్చారు. పిల్లలు చెప్పకుండానే వరుసలో నిలబడి పాట పాడారు. రెండో తరగతి చిన్నది నేరుగా వెళ్లి, అంతకుముందెప్పుడూ చూడని ఆ తల్లి ఒళ్లో కూర్చుని మెడ చుట్టూ చేతులు వేసింది. ఆమె కళ్లు చెమర్చాయి. ఫోటో తీయబోతే వార్డెన్ సున్నితంగా ఆపారు. ఈ పిల్లలు ఎవరో బయటికి తెలిసేలా ఫోటోలు పెట్టకూడదని చట్టం ఉంది. వెళ్లేటప్పుడు చిన్నది "మళ్లీ ఎప్పుడొస్తారు?" అని అడిగింది. "వచ్చే వారం" అన్నారామె. వాళ్లు రారు. ఆ సంగతి పెద్దపిల్లలకు తెలుసు, చిన్నదానికి ఇంకా తెలియదు.

కొత్తవాళ్ల ఒళ్లో అలా వాలిపోవడం చూసి మనం మురిసిపోతాం గానీ, నాకు మాత్రం కడుపులో దేవినట్లవుతుంది. ఇంట్లో పెరిగే పిల్ల కొత్త మనిషిని చూస్తే ముందు అమ్మ కొంగు వెనక్కి వెళ్తుంది. వెళ్లడానికి కొంగు లేని పిల్ల ఎవరు వస్తే వాళ్లను పట్టుకుంటుంది. 1989లో రుమేనియాలో ప్రభుత్వం కూలి, అక్కడి అనాథాశ్రమాల తలుపులు తెరుచుకున్నాక ఆ పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించినవాళ్లు కూడా ఇదే గమనించారు. తిండీ బట్టా ఇచ్చినంత మాత్రాన సరిపోదు, రోజూ అదే మనిషి ఉండాలి. రెండు వారాలకొక కొత్త అక్క వచ్చి, ముద్దు చేసి, ఏడిపించి వెళ్లిపోతుంటే ఆ పిల్ల ఏడాదికి ఎంతమందిని పోగొట్టుకుంటుంది?

కంబోడియా సంగతి యూనిసెఫ్ 2011లోనే చెప్పింది. 2005 నుంచి 2010 లోపు అక్కడ ఇలాంటి ఆశ్రమాలు 75 శాతం పెరిగాయి. వాటిలో ఉన్న పిల్లల్లో నలుగురిలో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. అనాథలు పెరిగినందువల్ల ఆశ్రమాలు పెరగలేదు. చూడవచ్చేవాళ్లూ, వాళ్లిచ్చే డబ్బూ పెరిగినందువల్ల పెరిగాయి. నేపాల్‌లోనూ అంతే. హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల తల్లిదండ్రులకు చదువు చెప్పిస్తామని చెప్పి పిల్లలను తీసుకొస్తారు. ఆశ్రమాలు మాత్రం ఖాట్మండు, పోఖరా వంటి పర్యాటకుల చోట్లనే గుమిగూడి ఉంటాయి.

ఇదంతా ఎక్కడో పరాయి దేశపు ముచ్చట అనుకోవడానికి నల్లగొండ వాళ్లకు వీల్లేదు. దేవరకొండ, చందంపేట వైపు తండాల నుంచి లంబాడీ ఆడశిశువులను కొనుక్కుపోయిన వైనం 1999లో ఒకసారి, 2001లో మరోసారి బయటపడింది. ఒకప్పుడు లంబాడీల్లో మగపెళ్లివారే ఆడపెళ్లివారికి ఓలి సొమ్ము ఇచ్చేవారు. ఆ పద్ధతి పోయి కట్నం వచ్చింది. దానికి కరువు తోడైంది. మూడో ఆడపిల్ల పుట్టిన ఇంటి ముందు దళారి వచ్చి నిలబడేవాడు. కన్నతల్లి ఉన్న బిడ్డ హైదరాబాదు చేరేసరికి కాగితాల్లో అనాథ అయ్యేది, అక్కడి నుంచి దత్తత పేరుతో విదేశాలకు వెళ్లేది.

ఆ రోజుల్లో నేను అటువైపు ఒక తండా బడిలో పనిచేశాను. ఒకామె కట్టెలమోపు బడి గోడకు ఆనించి, తరగతి వాకిట్లో నిలబడేది. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన ఆడపిల్లను చూపించి, "దీనికి ఎన్నేళ్లు టీచరమ్మా?" అని అడిగేది. చెబితే వేళ్ల మీద లెక్క పెట్టుకునేది. మరుసటి ఏడు ఆ పిల్ల రెండో తరగతికి వస్తే మళ్లీ వచ్చి అదే ప్రశ్న. ఎందుకడుగుతోందో తండా అంతా ఎరుగుదురు. ఎవరూ నోరెత్తేవారు కాదు. ఎక్కడో ఏ దేశంలోనో తన బిడ్డ పెరుగుతోందని, ఇప్పుడు ఇంత ఎత్తు ఉంటుందని ఆమె చూసుకుంటున్నది.

రాత్రి అక్క కూతురికి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "మరి నువ్వెందుకు వెళ్తున్నావు చిన్నమ్మా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. నేను ఈ ఊరి మనిషిని, ఆ పిల్లల భాష మాట్లాడతాను, వచ్చే ఆదివారం కూడా ఇక్కడే ఉంటాను. నన్ను రానివ్వడానికి ముందు ఆధార్ కార్డు నకలు తీసుకున్నారు, ఇద్దరిని విచారించారు. అక్కడ డబ్బు కట్టిన ప్రతివారినీ పిల్లల మధ్యకు పంపుతున్నారంటే ముందు ఆ తలుపునే అనుమానించాలి. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ఆధునిక బానిసత్వం మీద ఇచ్చిన నివేదికలో ఈ ఆశ్రమాల పేరిట జరిగే పిల్లల అక్రమ రవాణా గురించి కూడా రాసింది, అది చదివి మీ కాలేజీవాళ్లను అడగమన్నాను. అంగ్‌కోర్ వాట్ హాయిగా చూసి రమ్మన్నాను. పిల్లలకు ఇవ్వాలనుకున్న డబ్బు, వాళ్లను ఇళ్లకు చేర్చే పని చేసేవాళ్లకు ఇవ్వమన్నాను. "ఆలోచిస్తాను" అంది. ఆలోచిస్తుంది, దాని స్వభావం నాకు తెలుసు.

మన చట్టంలోనూ ఈ మాట ఉంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలకు మొదటి చోటు కుటుంబం, వసతి గృహం అన్ని దారులూ మూసుకున్నాకే. ఆ తొనలు దాచిన పిల్లకు, తమ్ముడికి తండ్రి లేడు. తల్లి హైదరాబాదులో భవనాల పనికి వెళ్తుంది, రాత్రిళ్లు అక్కడే రేకుల షెడ్డులో పడుకుంటుంది. పిల్లలను అక్కడ ఉంచుకోలేక ఇక్కడ వదిలింది. మర్రిగూడ వైపు పల్లెలో నాయనమ్మ ఉంది. ఫ్లోరైడు నీళ్లకు మోకాళ్లు వంగిపోయాయి, అయినా "నా దగ్గరికి పంపండి, కోడలూ నేనూ చూసుకుంటాం" అంటుంది. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద ఇంట్లో పెరిగే ఇలాంటి పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. ఇద్దరికీ మంజూరైతే తల్లి ఊరికి తిరిగి వస్తానంటోంది.

మీసేవలో ఆదాయ ధ్రువపత్రం వచ్చింది. బ్యాంకు పుస్తకం ఉంది. తండ్రి మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు తప్పుపడింది, ఆధార్‌తో కలవడం లేదు. బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్లేలోపు దాన్ని దిద్దించాలి. పంచాయతీ కార్యదర్శి రేపు పొద్దున ఆఫీసులో ఉంటానన్నారు. పెద్దామెను బస్సు దగ్గర ఎక్కించుకోవాలి, మెట్లు ఎక్కలేదు కాబట్టి ముందు సీటు ఆపమని కండక్టరుకు చెప్పాలి.