డర్ట్ బైకుకి నంబర్ ప్లేటు: ముందు కాగితాలు, తర్వాత కరెంటు, ఆఖర్న లైట్లు

రెండు అద్దాలు, ఒక హారన్, నాలుగు ఇండికేటర్లు తగిలిస్తే డర్ట్ బైకు రోడ్డెక్కుతుందని చాలామంది లెక్క. ఆ బిగింపు పని శని, ఆదివారాల్లో అయిపోయేదే. బైకులు షెడ్డులో మూలపడేది దానికి ముందో తర్వాతో: కాగితాలు కుదరక, లేదా స్టేటర్ (ఇంజన్‌లో కరెంటు పుట్టించే కాయిళ్ల చుట్ట) చాలక.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. ఇక్కడ ఈ దారి లేదు. టైప్ అప్రూవల్, అంటే రోడ్డుకి పనికొస్తుందన్న ప్రభుత్వ ఆమోదం, వచ్చిన మోడల్‌నే ఆర్టీఏ రిజిస్టర్ చేస్తుంది. కవాసాకి కేఎక్స్ లాంటివి పోటీల కోసం అమ్మే బళ్లు, షోరూం నుంచి ట్రాక్‌కి ఏ ట్రాలీ మీదో పోవాల్సిందే. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అరకు వైపో, వికారాబాద్ వైపో మట్టిదారులు తొక్కాలనుకుంటే హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రో చూడండి. ముందు సస్పెన్షన్ 250 మి.మీ., వెనక 220, నేలకి ఎత్తు 270. ప్లేటుతోనే వస్తుంది, గొడవ లేదు.

మిగతాదంతా అమెరికాలో ఉన్నవాళ్లకి. అక్కడ ఈ విషయం రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో ఆఫ్‌రోడ్ ఎమిషన్స్ లేబుల్ ఉన్న ఆధునిక బైకుని రోడ్డు రిజిస్ట్రేషన్‌కి మార్చడం కుదరదు, ఎన్ని లైట్లు పెట్టినా సరే. అరిజోనా దీనికి అనువైన చోటు. వెర్మాంట్ నుంచి పోస్టులో ప్లేటు తెప్పించుకోమనే పాత సలహా ఇంకా తిరుగుతోంది, కానీ బయటివాళ్లకి ఆ తలుపు 2023లో మూసేశారు. మీరు ఒక రాష్ట్రంలో ఉంటూ ఇంకో రాష్ట్రం ప్లేటుతో తిరిగితే, యాక్సిడెంట్ అయిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దానిగురించే.

స్పానర్ పట్టేముందు టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, చూడండి. విన్ నంబర్ (మన ఛాసిస్ నంబర్ లాంటిది) ఫ్రేము మెడ మీద ఉంటుంది, టైటిల్ మీది 17 అక్షరాలతో ఒక్కొక్కటీ సరిపోవాలి. సెకండ్ హ్యాండ్‌లో టైటిల్ లేకుండా ఉత్త బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం రసీదు)తో వచ్చే బైకు ఎంత చవకైనా వద్దు. ఇన్సూరెన్స్ మోసాలు, బళ్ల దొంగతనాలు చూసే ఎన్‌ఐసీబీ సంస్థ వారి ఉచిత విన్‌చెక్‌లో నంబర్ కొట్టి, దొంగబండి కాదని తేల్చుకోండి. తర్వాత మీ మోటారు వాహనాల ఆఫీసుకి ఒక్కటే ప్రశ్న వేయండి: ఈ విన్, ఈ టైటిల్‌తో ఆఫ్‌రోడ్ నుంచి రోడ్డుకి మారుస్తారా? అవునంటే ఇన్‌స్పెక్షన్‌లో చూసే పరికరాల పట్టిక తీసుకోండి. ఆ పట్టిక చేతికొచ్చాకే లైట్ల కిట్టుకి ఆర్డర్ పెట్టాలి. అరిజోనాలో అతికించే ఆఫ్‌హైవే డెకాల్ (మట్టిదారులకి ఇచ్చే స్టిక్కర్) వేరు, రోడ్డు ప్లేటు వేరు. డెకాల్ ఉంది కదా అని ఊళ్లోకి తెస్తే టికెట్ ఖాయం. ఇన్సూరెన్స్ అక్కడ కనీసం 25/50/15 ఉండాలి, అంటే వేల డాలర్లలో ఒక మనిషి గాయాలకి 25, ఒక యాక్సిడెంట్‌లో గాయాలన్నిటికీ 50, ఆస్తి నష్టానికి 15.

ఇక కరెంటు. అసలు తలనొప్పి ఇదే.

వైజెడ్, సీఆర్‌ఎఫ్-ఆర్, ఎస్‌ఎక్స్ లాంటి మోటోక్రాస్ బైకుల స్టేటర్‌ని లైట్ల కోసం చేయలేదు. ఇగ్నిషన్‌కి, ఇంజెక్షన్ ఉంటే దానికి, సరిపోయేంతే పుడుతుంది. వీటికి స్టేటర్ తిరిగి చుట్టించాలి, లేదా ఎక్కువ వాట్ల స్టేటర్ కొనాలి. సీఆర్‌ఎఫ్450ఎక్స్, డీఆర్-జెడ్400ఈ లాంటి ఎండ్యూరో (అడవిదారుల్లో దూరాల పోటీలకి చేసిన) బళ్లలో లైటింగ్ ఉంటుంది కాబట్టి సగం పని తగ్గుతుంది. వెనక రిమ్ కూడా వీటికి 18 అంగుళాలు. మోటోక్రాస్ బళ్లకి ఎక్కువగా 19, ఆ సైజులో డాట్ (అమెరికా రవాణా శాఖ) ముద్ర ఉన్న గుబ్బల టైర్లు వెతుక్కోవాలి. 18లో డన్‌లప్ డీ606 లాంటివి తేలిగ్గా దొరుకుతాయి: ముందుకి 90/90-21, వెనక్కి 120/90-18 లేదా 130/90-18.

లైట్లు కొనేముందు వాట్ల లెక్క వేయండి. హాలోజన్ హెచ్4 ఒక్కటే 55 వాట్లు తాగుతుంది. దాని బదులు 20 వాట్ల ఎల్‌ఈడీ, 5 వాట్లలోపు టెయిల్-బ్రేక్ లైటు, వెలిగే ఇండికేటర్లు రెండూ కలిపి 4 వాట్లు, మీటరు 1 వాటు అనుకుంటే మొత్తం 30. హారన్ 2 నుంచి 3 ఆంపియర్లు లాగినా క్షణం పాటే, బ్యాటరీ మోస్తుంది. 70 వాట్ల స్టేటర్‌కి ఇది హాయి. ఎల్‌ఈడీ హెడ్‌లైటు గ్లాసు మీద డాట్ ముద్ర ఉండాలి. యూరప్ ఈ-మార్క్ మాత్రమే ఉంటే అమెరికాలో చెల్లదు.

పాత ఎండ్యూరో బళ్లలో చాలావాటికి లైటు నేరుగా స్టేటర్ ఇచ్చే ఏసీ కరెంటు మీద వెలుగుతుంది, బ్యాటరీ ఇచ్చే డీసీ మీద కాదు. దానికి ఎల్‌ఈడీ తగిలిస్తే మిణుకుమిణుకుమంటుంది, ఫ్లాషర్ (ఇండికేటర్లని ఆర్పి వెలిగించే రిలే) పనిచేయదు. అందుకే గ్రౌండ్ తేల్చడం, అదే ఫ్లోటింగ్ గ్రౌండ్. లైటింగ్ కాయిల్ ఒక కొస స్టేటర్ కోర్‌కి అతికించి ఉంటుంది. దాన్ని ఊడదీసి, కొత్త 16 గేజ్ వైరు సోల్డర్ చేసి, వేడి నూనెకి తట్టుకునే స్లీవు, ఎపాక్సీ వేసి బయటికి తీయాలి. రెండు వైర్లూ ఫుల్‌వేవ్ రెగ్యులేటర్-రెక్టిఫయర్‌కి (ఏసీని డీసీ చేసి వోల్టేజి అదుపులో ఉంచేదానికి) పోతాయి. ఇగ్నిషన్ కాయిల్ వైర్ల జోలికి పోవద్దు. కవరు మూసేముందు మల్టీమీటరు పెట్టండి: ఏ వైరుకీ ఫ్రేముతో కంటిన్యుటీ (కరెంటు పోయే దారి) ఉండకూడదు, రెండింటి మధ్య రెసిస్టెన్స్ చాలా తక్కువగా, సుమారు ఒక ఓమ్ దరిదాపుల్లో చూపాలి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, పాత హెడ్‌లైటునో మరోదాన్నో ఏసీ వైరు మీదే వదిలేయడం. ఫ్రేము గుండా షార్టై కొత్త రెగ్యులేటర్ కాలిపోతుంది. లోడ్లన్నీ డీసీ వైపుకి రావాల్సిందే.

బ్యాటరీ బదులు కెపాసిటర్ పెడితే బరువు తగ్గుతుందంటారు. తగ్గుతుంది, కానీ రాత్రి సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిందంటే వెనక ఎర్రలైటూ ఆగుతుంది. 4 ఆంపియర్-అవర్ చిన్న బ్యాటరీ పెట్టండి, పాజిటివ్ పక్కనే 10 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ఇంజన్ రేజ్ చేసినప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టులు కనబడాలి. 15 దాటితే రెగ్యులేటర్ గానీ దాని ఎర్త్ గానీ చెడినట్టు. 12.5 దగ్గరే ఉండిపోతే స్టేటర్ సోల్డర్ మళ్లీ చూసుకోండి.

ఎల్‌ఈడీ ఇండికేటర్లకి ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కావాలి, పాతది పెడితే గబగబా కొట్టుకుంటుంది. నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలగాలన్నది ఫెడరల్ లెక్క. మీటర్లో ఒకటే ఇండికేటర్ దీపం ఉంటే ఇంకో తమాషా: ఎడమవైపు వేస్తే నాలుగూ వెలుగుతాయి, ఆ దీపం గుండా కరెంటు అవతలి పక్కకి దాటడం వల్ల. రెండు 1ఎన్4007 డయోడ్లు, చెరో వైపు నుంచి దీపంలోకి మాత్రమే కరెంటు పోయేలా వేసి, దీపం రెండో కొస ఎర్త్ చేస్తే తీరిపోతుంది. ముందు ఇండికేటర్ల మధ్య దూరం కనీసం 16 అంగుళాలు, వెనక 9. సన్నటి తోక మీద పక్కపక్కనే అతికించేవి చూడ్డానికి బాగుంటాయి, కొలతకి నిలబడవు.

బ్రేక్ లైటు ముందు లీవరుకీ వెనక పెడలుకీ రెండింటికీ వెలగాలి. సులువైన దారి బాంజో బోల్టు (బ్రేక్ గొట్టాన్ని మాస్టర్ సిలిండర్‌కి బిగించే బోల్టు) బదులు వేసే ప్రెషర్ స్విచ్. మరలు చూసి కొనండి: నిస్సిన్ మాస్టర్ సిలిండర్ ఉన్న జపాన్ బళ్లకి సాధారణంగా ఎం10×1.25, బ్రెంబో ఉన్న కేటీఎంలకి ఎం10×1.0. తప్పుది బలవంతంగా తిప్పితే మాస్టర్ సిలిండర్ మరలే పోతాయి. రాగి వాషర్లు కొత్తవి వేయండి. ఈ బోల్టు లోపల డొల్ల, మామూలు బాంజోలా బిగిస్తే తెగుతుంది, ప్యాకెట్ మీది టార్కే వాడండి. తర్వాత బ్రేక్ నూనెలోంచి గాలి తీయడం ఎలాగూ తప్పదు.

అద్దం సమతలమైతే 12.5 చదరపు అంగుళాలు, కుంభాకారమైతే 10, బైకు మధ్యగీత నుంచి అద్దం నడిమికి 11 అంగుళాలు. అరిజోనాలో హారన్ 200 అడుగులకి వినబడాలి, టెయిల్ లైటు 500 అడుగులకి కనబడాలి, తెల్లటి దీపంతో ప్లేటు 50 అడుగుల నుంచి చదవగలగాలి. సైలెన్సర్ మాటకొస్తే, రేసు గొట్టం ఉన్న బైకుని ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్లడం కోరి తిరగ్గొట్టించుకోవడమే. సైలెన్సర్లో నిప్పురవ్వల్ని ఆపే స్పార్క్ అరెస్టర్ పీకేయకండి, అటవీ భూముల్లో ఇప్పటికీ అడుగుతారు.

ప్లేటు వచ్చాక కూడా ఇది రోడ్డు బండి అయిపోదు. వెనక హబ్‌లో కుదుపుల్ని మింగే కుష్ రబ్బర్లు ఉండవు కాబట్టి తారురోడ్డు మీద ప్రతి కుదుపూ గేరుబాక్సుకే పోతుంది. క్లచ్ తటాలున వదలకండి. 13/50 స్ప్రాకెట్లని 14/48 చేస్తే నిష్పత్తి 3.85 నుంచి 3.43కి దిగుతుంది, హైవేలో ఇంజన్ 11 శాతం నెమ్మదిగా తిరుగుతుంది. 14 పళ్ల దానికి కేసుతో సందు చూసుకోండి. చాలా బళ్లలో ఇంజన్ నూనె లీటరు కూడా పట్టదు, మార్పు లెక్క మైళ్లలో కాదు, గంటల్లో. ఒక అవర్ మీటర్ తగిలించండి. ఫ్యాన్ లేని రేడియేటర్ ఫీనిక్స్ ఎండలో రెండు సిగ్నళ్లు దాటేసరికే పొంగుతుంది. ఫ్యాన్ పెట్టేట్టయితే దాని వాట్లు ముందే లెక్కలో కలపండి, 30 కాస్తా 50 దాటొచ్చు.

ఇన్‌స్పెక్షన్‌కి ముందు ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి పదిసార్లు తిప్పండి. ఎక్కడ లైటు ఆరినా, హారన్ దానంతటదే మోగినా, మెడ దగ్గర వైరు బిగుసుకున్నట్టు. అక్కడ రెండంగుళాలు వదులు ఇచ్చి మళ్లీ కట్టండి.